దమ్మున్న పాట

మొన్న క్రిస్మస్‌కు మా అక్క మనవడు ఫోన్‌లో ఒక పాట పెట్టి, దీన్ని గ్యారేజ్ పంక్ అంటారు తాతా అన్నాడు. నలుగురు మనుషులు గిటార్ల మీద కసి తీర్చుకుంటూ, క్రీస్తు పుట్టాడన్న శుభవార్తను ఎవరో బావిలో పడ్డట్టు అరుస్తున్నారు. ఇట్లాంటిది ఎనభైలలోనే తాండూరులో మేం వాయించామంటే వాడు నమ్మలేదు. అప్పట్లో విన్నవాళ్లు కూడా దాన్ని వాయించడమంటే నమ్మలేదు లెండి.

మాకు గ్యారేజ్ లేదు, మా బావ పనిచేసే బండల పాలిష్ షెడ్డు ఉండేది. నేను వికారాబాద్ నుంచి డిగ్రీతో, అరువు గిటారుతో వచ్చి, ఉద్యోగం దొరికేదాకా అని అక్క ఇంట్లో దిగి, ఆ ‘దాకా’ను చాలాకాలం సాగదీసినవాణ్ణి. బావది చర్చి పాటల బృందంలో పెద్ద గొంతు. ఆ గొంతులోకి ఏళ్లకేళ్లు బండల పొడి పోయింది. దాంతో పట్టుకున్న జబ్బును అందరూ దమ్ము అనేవారు. మా వైపు ఆయాసానికీ, ధైర్యానికీ ఒకటే మాట, పొదుపైన మనుషులం. ఆ ఏడు క్రిస్మస్ ముందు సంఘపెద్ద, దమ్ము పట్టినోడు పాట నడుమ దగ్గితే బాగుండది, ఈసారికి కూసొని విను అన్నాడు. బావ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, ఒక్క పాటన్న పాడి పోవాలె బామ్మర్దీ అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. డాక్టరు చెప్పింది మా ముగ్గురికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం, మిషన్లు ఆగిన షెడ్డులో, చిరిగిన మైకుసెట్టు డబ్బాకు నా గిటారు తగిలించాం. అది వీణలా మొదలుపెట్టి రాయి కోసే మిషన్‌లా ముగించేది. బావ దోస్తు, మిషన్ నడిపే భాయ్, ఖాళీ నూనె పీపా ముందేసుకున్నాడు. పాత కీర్తనల పొడుగు చరణాలకు బావకు ఊపిరి చాలలేదు. అందుకని ఒక్క ఊపిరికి ఎంత వస్తే అంతే పాట కట్టాడు. పుట్టిండు! కొట్టంల! మనోడు! ఇంతే, కేకలు. మూడో చరణంలో దగ్గు రానే వచ్చింది. నేను ఆపబోతే భాయ్, రుకో నక్కో, ఆపొద్దు అంటూ, ఆ దగ్గు వెనకే పీపా మీద రెండు దెబ్బలు వేసి దాన్ని తాళంలో కలిపేశాడు. టేప్‌రికార్డర్ అంతా మింగింది.

క్యాసెట్ల దుకాణం అతను విని, పాటల దమ్ముందన్నా అన్నాడు. బావ నవ్వి నవ్వి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ క్రిస్మస్‌కు చాయ్ హోటళ్లలో అదే మోగింది. గిట్ల ఒర్రితే బాలయేసు నిద్ర చెడదా అని సంఘపెద్ద మండిపడితే, పశువుల కొట్టంల పుట్టినోనికి లొల్లి కొత్తనా పెద్దయ్యా అన్నాడు బావ.

మరుసటి క్రిస్మస్‌కు బావ లేడు. వేకువన పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే కుర్రాళ్లు మా వాకిట్లో ఆ పాటే ఎత్తుకున్నారు, గౌరవంగానే. మూడో చరణం దగ్గర అందరూ కలిసి, తాళం తప్పకుండా, దగ్గారు. అది పాటలో భాగమనుకున్నారు పాపం. తలుపు తీసుకుని వచ్చిన అక్క చేతిలో వేడినీళ్ల గ్లాసు ఉంది. ఎవరికని తెచ్చిందో ఆమెకే తెలియలేదు. వాళ్లలో ఒకడు తాగి, గ్లాసు ఇచ్చాడు.

ఇప్పుడు షెడ్లలో పొడి లేవకుండా బండల మీద నీళ్లు పారిస్తున్నారు, మూతికి కట్టుకునే గుడ్డలు మేకులకు వేలాడుతున్నాయి. ఆ పాత క్యాసెట్ మనవడు ఫోన్‌లోకి ఎక్కించుకుని విన్నాడు. పాట మస్తుంది తాతా, నడుమ ఎవరో దగ్గిండ్రు, నిమిషంల తీసేస్త అన్నాడు. అక్క అప్పటిదాకా చెవులు వినబడనట్టే కూర్చుంది. ముట్టకురా దాన్ని అంది. వాడు ఫోన్ పక్కన పెట్టాడు. కాలం మారింది, కాదనను. దగ్గు తీసేసే మిషన్ వచ్చిందని సంతోషమే, కాకపోతే అది పాటలోంచి తీసేది. అప్పట్లో మాకు కావలసింది మనిషిలోంచి తీసేది.