మనవరాలు దిష్టిబొమ్మను వాటేసుకున్న రోజు

అది 2011 జూన్. మాది జనగామ. నా మనవరాలు శ్రావ్యను ఆరో తరగతిలో చేర్చాలి. తనకు డిస్లెక్సియా. చదవబోతే అక్షరాలు తారుమారవుతాయి. చేతులతో మాత్రం ఏ బొమ్మైనా చేస్తుంది. మా ఊళ్లో రెండు బడులు వద్దన్నాయి. మహబూబాబాద్‌లో హాస్టల్ ఉన్న ఒక బడి మంచిదని విని తీసుకెళ్లాను.

ఆ రోజు తెలంగాణ కోసం రాస్తారోకో. హెడ్మాస్టరు, టీచర్లు బడి ముందు రోడ్డు మీదే ఉన్నారు. కుర్రాళ్లు గడ్డితో ఒక నాయకుడి దిష్టిబొమ్మ కడుతుంటే, శ్రావ్య వెళ్లి దానికి బొజ్జ, కొబ్బరిపీచు మీసాలు పెట్టింది.

“అరె, అసలోని కంటె గిదే మంచిగున్నది!” అని అందరూ నవ్వారు.

దాన్ని కాలుస్తారని పిల్లకు తెలియదు. కిరోసిన్ పోసి హెడ్మాస్టరు అగ్గిపుల్ల గీయగానే, శ్రావ్య పరుగెత్తి బొమ్మను వాటేసుకుంది.

“నేను చేసిన! కాలవెట్టనియ్య!”

తన గౌను కిరోసిన్‌తో తడిసిపోయింది. హెడ్మాస్టరు మండుతున్న పుల్లను గుప్పిట్లోనే నలిపేశారు.

“కాలవెట్టం బిడ్డా. బొమ్మను బడిలకు తీస్కపోదాం, రా,” అన్నారు.

పిల్లను నా దగ్గరికి లాక్కుని, “సారూ, దీనికి సదువుడు రాదు,” అని చెప్పాను.

“నేర్పుతం అవ్వా. జర టైం పడుతది, గంతే.”

ఆ బడి పరీక్ష ఫలితాలు, ఫీజు వివరాలు అడగాలని వెళ్లినదాన్ని, కమిలిన ఆ సారు అరచేయి చూశాక ఏమీ అడగకుండానే పిల్లను అక్కడ చేర్చాను.