పూతమ్మ, చేపగుడ్లు

ప్రయోగశాలలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పూతమ్మే. వెండిని కంటికి ఆనని కణాలుగా చేసి, వాటితో పూత వేయడం ఆమె పని. ఒక్క వెంట్రుక మందంలో అలాంటి కణాలు వేలకొద్దీ సర్దుకుంటాయి. ఆ పూత ఉన్నచోట సూక్ష్మజీవుల ఆటలు సాగవు. పదేళ్ళుగా ఆమెకు అదే లోకం. పూత కుదిరిన రోజు నుంచి చెయ్యి ఊరుకుంటే కదా! తలుపు గడియ, కుర్చీ చేతులు, ఆఖరికి భర్త దువ్వెన, దేన్నీ వదల్లేదు. "కదలకుండా పడుకుంటే నాకూ పూసేస్తుందండీ, అందుకే రాత్రంతా అటూ ఇటూ దొర్లుతుంటాను" అని ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పి నవ్వించేవాడు.

ఇప్పుడు ఆ పూత పిల్లల మంచినీళ్ళ బాటిళ్ళ లోపలికి వెళ్ళబోతోంది. బాటిళ్ళ కంపెనీ యజమాని ఒప్పందానికి వస్తున్నాడు. ఇక మిగిలింది ఒక్క పరీక్ష. పూత వేసిన బాటిల్లో నిలవ ఉంచిన నీళ్ళు ఒక పళ్ళెంలో, పూత సంగతే ఎరగని మామూలు నీళ్ళు మరో పళ్ళెంలో పోసి, రెండింట్లోనూ చేపగుడ్లు వేస్తారు. రెండింట్లోనూ పిల్లలు చక్కగా పుట్టి ఈదితే గట్టెక్కినట్టే.

యజమాని వచ్చే రోజు పొద్దున్నే చూస్తే, రెండు పళ్ళేల్లోనూ గుడ్లన్నీ తెల్లబడి చచ్చిపోయి ఉన్నాయి.

కింది అంతస్తులో చేపల తొట్లు చూసుకునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అందరికీ ఆయన చేపల బాబాయ్. పూతమ్మ నేరుగా ఆయన మీదికి వెళ్ళింది. "ఏం గుడ్లిచ్చారు బాబాయ్! మామూలు నీళ్ళలో కూడా చచ్చాయంటే అవి రోగిష్టివి కాక మరేంటి?"

ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నన్ను తిట్టమ్మా, పడతాను. నా చేపల్ని మాత్రం అనకు. వీటి తోడబుట్టినవి కింద గంతులేస్తున్నాయి, కావాలంటే వచ్చి చూసుకో."

ప్రయోగశాల డైరెక్టరు మధ్యలో కల్పించుకున్నాడు. "గుడ్లు బాగాలేవని రాసెయ్యమ్మా. పరీక్ష మళ్ళీ ఎప్పుడైనా తీరిగ్గా చేద్దాం, ముందు సంతకాలు కానీ."

నిజం చెప్పాలంటే ఆమెకూ ఆ మాట తియ్యగానే తగిలింది. పదేళ్ళ కష్టం మరి, ఒక్క సంతకం దూరంలో ఉంది. అయినా మనసు పీకుతూనే ఉంటే ఏం చేస్తుంది? కిందికి దిగి చూసింది. బాబాయ్ అన్నట్టే, పిల్లలు తొట్టి నిండా చలాకీగా తిరుగుతున్నాయి. గుడ్లు అవే. మారిందల్లా నీళ్ళే. పైన మామూలు నీళ్ళు ఎక్కణ్ణుంచి పట్టారు? గది మూలనున్న డ్రమ్ములోంచి.

ఆమె ఆ డ్రమ్ము ముందు నిలబడి లోపలికి తొంగి చూసింది. పాచి పట్టకుండా ఉంటుందని పోయిన నెల ముచ్చటపడి దాని లోపలంతా పూత పూసిందెవరు? తనే! "ఇక దీన్ని కడిగే పనే లేదు" అని అందరినీ పిలిచి మరీ చూపించింది.

ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వేసింది. "బాబాయ్, దొంగ దొరికింది. నేనే! మీ చేపల్ని అన్నందుకు లెంపలేసుకుంటున్నాను."

"వేసుకో, వేసుకో. గట్టిగా వేసుకో" అన్నాడు బాబాయ్, నవ్వుతో ముఖం ఇంత చేసుకుని.

నవ్వు ఆగాక అసలు బాధ మొదలైంది. పూత అతుక్కుని ఉండటం లేదు, నీళ్ళలోకి దిగుతోంది. ఆ మాట ఇవాళే చెప్పాలి.

యజమాని వచ్చాడు. డైరెక్టరు కళ్ళతో సైగలు చేస్తూనే ఉన్నాడు. ఆమె అటు చూడకుండా డ్రమ్ము కథంతా చెప్పేసింది.

"నలుసంత చేపపిల్లలకు పడకపోతే మనుషులకేమవుతుందమ్మా?" అన్నాడు యజమాని.

"ఏమీ కాకపోవచ్చండీ. కానీ ఎంత దిగుతోందో తెలియకుండా ఆ మాట నేననలేను. మీ బాటిళ్ళలో తాగేది కూడా చిన్నపిల్లలే కదా."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "చూడ్డానికని మీరిచ్చిన బాటిల్ మా మనవరాలికిచ్చానమ్మా. రోజూ అందులోనే తాగుతోంది."

ఆమె గబుక్కున ముందుకు వచ్చింది. "కంగారు పడాల్సినంత లేదండీ. కానీ ఇప్పుడే పక్కన పెట్టించండి."

ఫోన్‌లో ఆయన ఒక మాటంటే అవతలినుంచి పది మాటలు వినిపించాయి. ఇక నావల్ల కాదన్నట్టు ఫోన్ ఆమె చేతిలో పెట్టేశాడు.

"నా బాటిల్ ఎందుకు వద్దంటున్నారు?"

"నేను సరిగ్గా చెయ్యలేదు బంగారం. బాగా చేసి మొదటిది నీకే పంపిస్తాను."

"ఎప్పుడు?"

"చేపపిల్లలు బాగుందని చెప్పాక."

"చేపలు మాట్లాడతాయా ఏంటి?"

"మాట్లాడవు. నీళ్ళు బాగుంటే ఈదుతాయి."

"అయితే తొందరగా ఈదమనండి" అని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

యజమాని ఒప్పందం కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "విన్నారుగా, నాదీ అదే మాట" అన్నాడు. పూతమ్మ కళ్ళు తుడుచుకుని, బాబాయ్‌ని మళ్ళీ గుడ్లు అడగడానికి గబగబా మెట్లు దిగింది.