కేసు లేదని సెప్పమన్నాను

మాఘమాసం. పొద్దున్న ఏడింటికి లారీ దిగినాం. పైన మంచుకొండ, కింద బురద. మా ఆయనకిచ్చిన క్వార్టరు ఒక గది, ఒక వంటిల్లు, రేకు కప్పు, బొగ్గుల కుంపటి. పెళ్లయిన ఆరేళ్లలో ఒక కప్పు కింద నెల దాటి ఉండటం అదే మొదలు. మజ్జానం రెండింటికి డ్యూటీ దిగేవోడు. బూటు సప్పుడు మలుపు కాడే గుర్తుపట్టేదాన్ని.

ఆ క్వార్టరు మాకు కాయం కాదు. ఆయన సిగ్నల్ సిపాయి. రహస్యం కబుర్లొచ్చే గదిలో పనికి పేరెట్టినారు. మనిషి నమ్మకస్తుడని పైనుంచి కాయితం రావాల. వొస్తే మూడేళ్లు నాను అక్కడే. రాకపోతే ఆయన మంచు పోస్టుకి, నాను ఊరికి.

ఫారంలో అడిగినారు, నీ మీద కేసుందా అని. ఉన్నాది. మాది కళింగపట్నం దగ్గర పల్లె. వలల కాడ పక్కూరోళ్లతో కొట్లాటయితే పోలీసులు పది పేర్లడిగినారు. మా పల్లెలో కొట్టినోడి పేరివ్వరు, వంతులేసుకుని ఇంటికో పేరిస్తారు. ఆపాలి మా అత్తోరింటికీ వంతొచ్చినాది. సెలవుకొచ్చిన ఆయన ఆ రోజు ఊర్లోనే లేడు. సిపాయి పేరుంటే పోలీసులు మెత్తబడతారని ఊరి పెద్ద మా ఆయన పేరే ఇచ్చినాడు. తర్వాత రాజీ అయిపోనాది గానీ స్టేషన్ పుస్తకంలో పేరు ఉండిపోనాది.

పక్క క్వార్టరు హవల్దారు గరివిడి మనిషి. "ఒరే, పూడ్సిందాన్ని తవ్వుతావేట్రా? లేదని రాసీ," అన్నాడు.

"రాయనన్నా. అబద్దం రాస్తే అది నా మెడకి తాడు. ఎవడైనా లాగుతాడు."

ఉన్నాదనే రాసినాడు. నా మనసు ఆగలేదు. ఊరంతా లేదంటే కాయితాన్ని ఎవడు నమ్ముతాడులే అనుకున్నాను. మర్నాడు ఆయన డ్యూటీలో ఉండగా అత్తకి ఫోన్ సేసినాను. ఆయన గురించి విచారణకి పోలీసులొస్తే కేసు లేదని సెప్పమన్నాను, ఊరి పెద్దకీ సెప్పమన్నాను.

"ఓలమ్మా, అదీ సెప్పాలేటే? నా కొడుకు కోసం సముద్రం ఎండిపోనాదన్నా సెప్తాను," అన్నాది అత్త.

మూడు నెలలకి ఆఫీసరు పిలిసినాడు. మా ఆయన ఇంటికొచ్చి నిలబడే సెప్పినాడు.

"స్టేషన్లో కేసున్నాది. నా ఫారంలో ఉన్నాది. ఊర్లో అడిగినోళ్లందరూ లేదన్నారంట. ఎవరు నేర్పినారని అడిగినాడు."

కుంపటి ఊదుతున్నాను. తలెత్తలేదు. "నానే," అన్నాను. "నీకు తెలీదని సెప్పీ మావా."

"ఇప్పుడు తెలిసిపోనాది కదే."

ఎల్లి సెప్పీసినాడు.

పాత కేసు పెద్ద తప్పు కాదంట. నిజం రాసినందుకు ఆఫీసరు మెచ్చుకున్నాడంట కూడా. కానీ ఇంటోళ్లు ఊరందరిసేతా అబద్దమాడిస్తే, రేపు పగోడు ఆ ఇంటోళ్లనే పట్టుకుంటాడన్నాడంట. కాయితం ఏడాది ఆపినారు. ఆయన మంచుకెల్లిపోనాడు. నాను మూడు రోజులు రైల్లో కూకొని ఆమదాలవలసలో దిగినాను.

మరుసటేడు పోలీసాయన మా గుమ్మంలోకొస్తే అన్నీ నానే సెప్పినాను, ఫోను సంగతితో సహా. కాయితం వొచ్చినాది. అప్పటికి క్వార్టర్లు నిండిపోనాయి. మల్లీ దొరకనేలేదు, సర్వీసు అయిపోయి పింఛనొచ్చినాది. ఆ తర్వాత రెండేళ్లకి ఆయన గుండె ఆగిపోనాది.

క్వార్టరు అప్పజెప్పిన పొద్దు ఒకటి నా కళ్లలోంచి పోదు. ఆయన బూట్లిప్పి, ఆ సలిలో ఒట్టికాళ్లతో నేలంతా కడిగినాడు. కుంపటి మసి మోకాళ్ల మీద కూకొని గోకినాడు. గుమ్మం దాకా తడి అడుగులు పడినాయి. తాళాలు తీసుకోడానికొచ్చినాయన తొందర పడతన్నాడు. ఆ అడుగులు ఆరకుండానే తలుపేసీసినాడు.