"వస్తా" అన్న మాట

ఆ వీధిలో అందరికీ ఆయన టైలర్ బాబాయే. కొలత వేయందే ఏదీ నమ్మడు. దుకాణంలోకి తొలిసారి నీళ్లొచ్చిన ఏడు, మెడలోని టేపు తీసి గోడకు ఆనించి కొలిచాడు. మూడు అంగుళాలు. మరుసటి ఏడాది ఏడు అంగుళాలు. కిందటేడు పన్నెండు. కత్తెర మొనతో మూడు గీతలు గీశాడు. మనుషుల కంటే నీళ్లే త్వరగా ఎదుగుతున్నాయని నవ్వేవాడు గానీ, నాలుగో గీత ఎక్కడ పడుతుందోనని లోపల ఒకటే గుబులు.

మిషను కింద పడుకునే కుక్క పేరు గుండీ. బట్టలు ఇచ్చి రావడానికి బయల్దేరేటప్పుడు "వెళ్తా" అనడం మన నోటికి రాదు కదా, బాబాయి కూడా "వస్తా" అనేవాడు. ఆ మాట చెవిన పడితే చాలు, గుండీ గడప మీద కూర్చునేది. ఆయన తిరిగొచ్చేదాకా బిస్కెట్టు చూపినా కదిలేది కాదు. కట్టుకున్నవాడికి చెప్పి చెప్పి తన నోరు పోయిందని, దీనికి ఒక్క మాట చాలునని పిన్ని దెప్పేది. బాబాయి మురిసిపోయేవాడు. ఏం మురిపెమో ఏమో!

ఈ ఏడు నెల వాన రెండు రోజుల్లో కురిసింది. తెల్లారేసరికి మూడో గీత మునిగిపోయింది. పది గంటలకు పడవ వచ్చింది. మనుషులకే చోటు, జంతువులు కుదరవని పడవవాడు తెగేసి చెప్పాడు. పిన్నిని ఎక్కించి బాబాయి బతిమాలాడు, చేతులు జోడించాడు. పడవలో అప్పటికే ఒక బాలింత, ఇద్దరు పసివాళ్లు. ఎవరిని దించమంటాడు?

చివరికి తనకు తోచిన ఉపాయం చేశాడు. గుండీ మెడపట్టీ విప్పి, మేడమెట్ల తలుపు బార్లా తెరిచాడు. పైన టీచరమ్మ ఉంది, నీళ్లు పెరిగితే అదే పైకెక్కుతుందనుకున్నాడు. దాన్ని బట్టలు కత్తిరించే బల్ల మీద కూర్చోబెట్టి తల నిమిరాడు. పడవలో కాలు పెడుతుండగా, ముప్పై ఏళ్ల అలవాటు, మాట నోట జారింది.

"వస్తా."

గుండీ బల్ల దిగి, ఈదుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది.

పడవ మలుపు తిరిగాక గానీ ఆయనకు తట్టలేదు. వెనక్కి తిప్పమని మొత్తుకున్నాడు. ఎవరు వింటారు?

శిబిరం చేరగానే టీచరమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ ఎంత పిలిచినా గుండీ తల తిప్పడం లేదట. నీళ్లు మెడదాకా వచ్చాయట. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మెట్లు దిగలేదు. తన గొంతు వింటే లేస్తుందని, స్పీకరు పెట్టి ఫోన్ బాల్కనీలోంచి కిందికి చాపమన్నాడు.

"గుండీ! లేమ్మా! పైకి పో, నా తల్లీ!"

ఫోన్లో వాన చప్పుడు హోరెత్తింది.

"లేచిందా టీచరమ్మా?"

"లేచింది బాబాయ్. నువ్వొచ్చావనుకుంది. వీధిలోకి దూకేసింది. వరద లాక్కుపోయింది."

గోడ మీద నాలుగో గీత బాబాయి గీయలేదు. ఇప్పుడు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "వెళ్తున్నా" అంటాడు. అలా అనకూడదని పిన్ని కూడా అనదు.