గాలిమోటరులో నా భర్తను తెచ్చిన దేవుడు

సహోదరీ సహోదరులారా, చైనా వాళ్ళతో యుద్ధం వచ్చిన ఆ చలికాలం నా ఇంట్లో పొయ్యి వెలిగినా వెలగనట్టే ఉండేది. నా భర్త ఓదెలు బొగ్గుబాయిలో మందు పెట్టి బండలు పేల్చే పనివాడు. అస్సాం కొండల్లో సర్కారు రోడ్డు వేస్తున్నదని, ఆ పని తెలిసినవాళ్ళు కావాలని ఒక గుత్తేదారు వచ్చి, ఆయనతో బాయికి సెలవు పెట్టించి, ఆరు నెలల్లో పంపుతానని తీసుకుపోయాడు. ఏడో నెలలో ఆ కొండల మీదనే యుద్ధం మొదలైంది. ఉత్తరం లేదు, కబురు లేదు! లక్సెట్టిపేట సంతకు పోయివచ్చినవాళ్ళు రేడియో మాటలు మోసుకొచ్చేవారు: శత్రువులు కొండ దిగుతున్నారట, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతున్నాయట, టికెట్టు కొన్నవాళ్ళను మోసే విమానాలనే సర్కారు అక్కడికి పంపి మన జనాన్ని ఎత్తుకొస్తున్నదట.

నేను ఆశపడితే పక్కింటి రాజవ్వ నవ్వింది. "గాలిమోటర్ల దొరలెక్కుతరే పిల్లా! మసిబట్టినోన్ని ఎవడెక్కిచ్చుకుంటడు? గదేమన్న ఎడ్లబండా, ఎనుకకెళ్ళి దుంకి కూసోనీకి!" ఆమెతో పాటు నేనూ నవ్వి, ఇంట్లోకి పోయి ఏడ్చాను.

ఇక్కడ నేను దాచిన సంగతి ఒకటి చెప్పాలి. బాయి పుస్తకంలో నా భర్త పేరు ఓదెలు కాదు, దుర్గయ్య. దుర్గయ్య ఆయన అన్న. బాయిలో పని దొరికి, ఇంకా చేరకముందే జ్వరంతో చనిపోయాడు. దొరికిన పని పోతుందని మా మామ తమ్ముణ్ణి అన్న పేరుతో బాయిలో దింపాడు. ఇలా మారుపేరుతో పనిచేసేవాళ్ళు మా దిక్కున చాలామంది. గుత్తేదారుకు చూపిన బాయి కాగితంలోనూ ఆ పేరే ఉంది.

ఒకరోజు తహసీలు కచేరీకి కలకత్తా నుండి పేర్ల పట్టీ వచ్చిందని తెలిసి పరుగెత్తాను. విమానాల్లో బయటపడి అక్కడి శిబిరంలో ఉన్న మా తాలూకా మనుషుల పేర్లు అవి. వీళ్ళు మావాళ్ళే అని కచేరీ జవాబు రాస్తే ఇంటికి పంపుతారు. గుమాస్తా సాబు నన్ను చూసి, "నీ పెనిమిటి పేరేందమ్మా?" అని అడిగాడు. మా ఆడవాళ్ళం భర్త పేరు నోట పలకం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అక్కడే ఉన్న మా ఊరి పటేలు వైపు చూశాను. ఆయన "ఓదెలు" అని చెప్పాడు.

"ఓదెలు లేడు. మీ ఊరి మీద ఒక్కడే ఉన్నడు, దుర్గయ్య."

"దుర్గయ్యనా! వాడు సచ్చి పన్నెండేండ్లాయె. నేనే దగ్గరుండి బొంద పెట్టిచ్చిన. సచ్చినోడు గాలిమోటరెక్కి వచ్చిండా సాబూ?"

అందరూ నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. "లడాయి దినాలు పటేలా. ఎవడో దొంగ పేరుతోని జొర్రిండు. మావోడు కాదని రాస్తే పోలీసోళ్ళు సూస్కుంటరు" అని ఆ పేరు మీద గీత కొట్టాడు.

సహోదరులారా, నా భర్త బతికి ఉన్నాడని నాకు తెలిసిన క్షణమూ, ఆయన పేరు కొట్టివేసిన క్షణమూ ఒక్కటే! అయినా నేను నోరు తెరవలేదు. తెరిస్తే మోసం బయటపడుతుంది, బాయి పని పోతుంది, ఇద్దరినీ జైల్లో వేస్తారు అనుకుని, ఇంటికి వచ్చాను. మూడు రోజులు ముద్ద దిగలేదు.

మూడో రోజు సాయంత్రం గుడిసె గుడిలో ప్రార్థనకు కూర్చున్నాను. అప్పటికి నేను బాప్తిస్మం తీసుకుని రెండేళ్ళు, నా భర్త ఇంకా ప్రభువును ఎరుగడు. అందరూ వింటుండగానే నా నోటి నుండి ఈ ప్రార్థన వచ్చింది: "ప్రభువా, నువ్వు నా పెనిమిటిని ఆకాశంల మోసుకొచ్చినవ్, నేను భూమ్మీద నిలవడి నోరు తెరువకపోతిని. బాయి పని పోతే పోనీ, జైలైతే కానీ. రేపు నా నోరు నువ్వే తెరువు తండ్రీ!" ఏడుపులోనే దాచిందంతా చెప్పేశాను. ప్రార్థన నడిపించే పాస్టరు అయ్యగారు ఒక్కమాట అన్నాడు: "పొద్దుగాల నేనొస్త, నడువు బిడ్డా."

తెల్లవారి అయ్యగారితో కచేరీకి పోయి, పటేలు ముందే నిలబడి, "సాబూ, గా దుర్గయ్య నా పెనిమిటి. ఆయన పేరు ఓదెలు" అన్నాను. పెళ్ళయిన తరువాత ఆ పేరు నేను పలకడం అదే మొదటిసారి. గుమాస్తా తల పట్టుకున్నాడు.

"మూడొద్దుల సంది యాడున్నవమ్మా? జవాబు గా దినమే రాసి పెట్టిన!"

ఆయన కాగితాల కట్ట విప్పి ఒక కాగితం పైకి తీశాడు. "తహసీల్దార్ సాబు ఊళ్ళ దౌరకు పోయి ఇంక రాలే, దస్కత్ కాలే. లేకుంటే కలకత్తకు పోతుండె గద! ఖుదా నీ దిక్కున్నడమ్మా" అంటూ దాన్ని చింపి, వేరే కాగితం రాసి, నా వేలిముద్ర వేయించాడు. ఏమి రాశాడో చదవలేకపోయాను. తరువాత నలభై దాటిన వయసులో అయ్యగారి భార్య దగ్గర అక్షరాలు దిద్దింది ఆ బాధతోనే.

నెల తిరగకముందే నా భర్త ఎముకల గూడులా వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ చేరితే, చెయ్యి పైకెత్తి చెప్పాడు: "జరంతోని పడి ఉంటి. రోగమున్నోళ్ళు ముందుకు రాండ్రని పిలిసి నన్ను ఎత్తుకపోయి ఎక్కిచ్చిండ్రు. కుర్సీలు నిండినయ్, నేల మీద కూసున్నం, ఒకళ్ళ ఒళ్ళె ఒకళ్ళ పిల్లలు. దినాం భూమి కిందికి దిగెటోన్ని, మొగులు మీదికి పోయిన! కిందికి సూస్తె గంత పెద్ద నది నూలుపోగు తీరుగున్నది. మమ్ముల దించినంక గా నడిపెటోడు చాయ్ సుత తాగకుంట మల్ల గాడికే మర్రిపోయిండు. ఎన్నిసార్లు పోయిండో! గాయినకు మేమేమైతం?"

రాజవ్వ ఇంట్లోకి పోయి ముంతెడు గంజి తెచ్చి ఆయన చేతికిచ్చింది.

తరువాత ఆయనే బాయి దొర దగ్గరకు పోయి నిజం ఒప్పుకున్నాడు. జైలు కాలేదు గానీ, పన్నెండేళ్ళ సర్వీసు పోయింది. కొత్తవాడిగా తన సొంత పేరుతో బొగ్గు డబ్బాలు తోసే పనిలో చేరాడు. ఆ ఎండాకాలమే గోదావరిలో బాప్తిస్మం తీసుకున్నాడు. దేవునికే మహిమ!

నేను మోకాళ్ళ మీద పడకముందే ప్రభువు నా భర్తను ఆకాశ మార్గాన దాటించాడు, నేను నోరు మూసుకున్న మూడు రోజులూ ఒక సంతకాన్ని ఆపి ఉంచాడు. నా వంటి పిరికిదాని కోసం! ప్రియులారా, భయంతో ఏ నిజాన్నైనా మింగి కూర్చున్నవారు మీలో ఉంటే, ఈ పూటే ఆయనకు చెప్పండి, ఆయన్ను నమ్మండి, తరువాత చెప్పవలసిన మనిషి దగ్గరకు లేచి నడవండి. ఒంటరిగా పోలేమంటే నన్ను పిలవండి, నేను వస్తాను.