నా తుంటి మీద బోరు పాయింటు

మా అక్కకు మూలుగ ఇచ్చిన రోజు బెంగళూరు ఆసుపత్రిలో నా తుంటి ఎముకకు రెండు పక్కలా బోరు వేశారు. మత్తు వద్దన్నాను. మిషను గిర్రున తిరుగుతుంటే నేను బోర్లా పడుకొని డాక్టరుకు మా గోరంట్ల పక్క నేలల గురించి పాఠం చెబుతూనే ఉన్నాను. రెండు చెంబుల మూలుగ తోడుకున్నారు. సాయంత్రం లేచి, నడిచి వెళ్లి టీ తాగి వచ్చాను.

పదేళ్లుగా మా ఊరి టీ అంగడి దగ్గర నేను చెబుతున్న కథ ఇది. మొదట్లో ఒక చెంబే ఉండేది. వినేవాళ్లు నోరు తెరిచే కొద్దీ రెండోది చేరింది. కాగితం మీద పెట్టేటప్పుడు చేయి కాస్త వెనక్కి లాగుతోంది కాబట్టి నిజం కూడా చెప్పేస్తాను. ఆ రోజు నా తుంటిని ఏ మిషనూ తాకలేదు. తాకింది మా బావ చేయి, అదీ పసుపుతో.

నా పని బోర్లకు పాయింటు పెట్టడం. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకొని చేలో నడుస్తాను. కింద నీళ్లున్న చోట అది నిక్కి నిలబడుతుంది. అక్కడ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తే, బోరు బండి వచ్చి అక్కడే దించుతుంది. నేను పెట్టిన పాయింట్లలో ముప్పావు వంతుకు నీళ్లు పడ్డాయి. సగం అనుకోండి. సగం కంటే తక్కువే.

అప్పుడు నాకు యాభై నాలుగు, అక్కకు యాభై ఆరు. ఎక్కడా తగలకుండానే అక్క చేతులు నల్లగా కమిలేవి. పళ్లు తోముకుంటే చిగుళ్ల వెంట రక్తం ఆగేది కాదు. మూటలకు మూటలు చెనిక్కాయలు వలిచే మనిషి, నాలుగు దోసిళ్లకే ఆయాసపడేది. రక్తం పుట్టేది ఎముకల లోపలి మూలుగలోనట. అక్కకు అది ఎండిపోయిందని డాక్టరు చెప్పాడు. ఎండిపోవడమంటే ఏమిటో మా జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏడాది పాటు మందులు వాడుతూ, పరాయి రక్తం ఎక్కిస్తూ చూశారు. ఫలితం లేదు. ఇక తోడబుట్టినవాళ్ల మూలకణాలు ఎక్కించడమొక్కటే దారి అన్నారు. తోడబుట్టింది నేనొక్కణ్ణే. పరీక్ష చేస్తే మా ఇద్దరి రక్తంలోని గుర్తులు అచ్చంగా కలిశాయి.

ఆ రోజు నుంచి నా నడకే మారింది. ఇచ్చేవాడి దగ్గర సరుకుండాలని, వారానికి రెండుసార్లు మూలుగ బొక్కలు తెప్పించి, సంగటిలో నంజుకొని, పీల్చి పీల్చి తిన్నాను. మా ఆవిడ చూసి చూసి అడిగింది.

"అది నీ ఎముకల్లోకి పోతాందా, పొట్టలోకి పోతాందా?"

"పోయేదాంట్లోకి పోతాది. ఇంకో బొక్క ఎయ్యి."

ఆసుపత్రిలో చేరడానికి మూడు వారాల ముందు డాక్టరు అక్కనూ, బావనూ, నన్నూ కూర్చోబెట్టి మాట్లాడాడు. మొదట అక్కకు గట్టి మందులిచ్చి మిగిలిన పాత మూలుగను పూర్తిగా తుడిచేస్తారట. "ఆ తర్వాత మీరు రాకపోతే ఆమె బతకదు. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి" అన్నాడు నాతో.

"రెండు తుంట్లూ తీసుకోండి సార్" అన్నాను. బావ కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే గుంతకల్లు పారిపోయాను.

అక్కడ మా తోడల్లుడు రైల్వేలో పనిచేసేవాడు. బోరు పాయింటు పెట్టడానికి వచ్చానని చెప్పాను. ఆయన క్వార్టర్స్ వెనక పెరడు రెండు మంచాలంత ఉంటుంది.

"ఈడ బోరెందుకన్నా? కొళాయి ఉండాది కదా" అన్నాడు.

"ఉంటే ఉండనీ. చూసి పెట్టుకుంటే పోయేదేముండాది?"

ఫోను ఆపేసి, నాలుగు రోజులు ఆ రెండు మంచాల జాగాలో టెంకాయ పట్టుకొని తిరిగాను. అది నిలబడిన ప్రతిసారీ కొళాయి పక్కనే నిలబడింది.

నాలుగో రోజు స్టేషనుకు వెళ్లి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. ఎన్ని దిక్కులకు ఎన్ని రైళ్లు పోతున్నాయో చూశాను. మా అక్కకు ఉన్నది మాత్రం నేనొక్కడినే అనిపించింది. ఎవరూ పిలవకుండానే, నా అంతట నేనే లేచి వచ్చేశాను.

బెంగళూరులో అక్కకు గట్టి మందులు మొదలయ్యాయి. నాకు ఐదు రోజులు సూదులు వేశారు, మూలుగలోని కణాలు పొంగి రక్తంలోకి రావడానికి. నడుమూ తొడలూ ఎవరో రోకలితో దంచినట్టు నొప్పులు. ఇచ్చే రోజు పొద్దున లాడ్జి గదిలో నాకు ఆలోచన వచ్చింది. ఎంతమంది చేలకో పాయింటు పెట్టినవాణ్ణి, నా తుంటికి పెట్టుకోకుండా ఎలా? మంచం మీద బోర్లా పడుకొని, టెంకాయ బావ చేతికిచ్చాను.

"మెల్లగా తిప్పు బావా. యాడ లేస్తాదో చూడు."

"లేయల్యా."

"ఎడమ పక్కకు పో."

"ఆ, కదిలినాదప్పా. ఈడ రెండించుల నీళ్లు పడేటట్టుండాది."

అక్కడ పసుపు కుంకుమ పెట్టించుకున్నాను. కుడి పక్క కదల్లేదు కానీ, చిన్నబోతుందని దానికీ పెట్టించాను. కర్పూరానికి మాత్రం బావ ఒప్పుకోలేదు.

ఆసుపత్రి గౌను కట్టుకొని వెనక్కి తిరగగానే నర్సు ఆగిపోయింది. ఆమెది హిందూపురం పక్క.

"ఏమన్నా ఇది, దద్దురా?"

"పాయింటు."

"ఏం పాయింటు?"

"మీరు బోరేసేదానికి."

ఆమె గోడ పట్టుకొని నవ్వింది. నవ్వి, డాక్టరును పిలిచింది. చేతి నరం నుంచి తీస్తామని పోయిన నెలే మూడుసార్లు చెప్పానని డాక్టరు అన్నాడు. చెప్పే ఉంటాడు. ఎముక అన్న మాట తర్వాత నా చెవుల్లోకి ఏదీ పోలేదు. నర్సు తడిగుడ్డతో తుడుస్తూ, "మా నాయనకు నాలుగు బోర్లు ఎండిపోయినాయి. పాయింటు పెట్టింది నువ్వేనా?" అని అడిగింది. ఊరి పేరు అడిగి తెలుసుకున్నాక, నేను కాదన్నాను.

ఒక చేతి నుంచి రక్తం మిషనులోకి పోయింది. మూలకణాలు పక్కకు తీసుకున్నాక, మిగతాది ఇంకో చేతిలోకి తిరిగి వచ్చింది. ఐదు గంటలు. అందులో మూడు గంటలు నేను గురక పెట్టానట. చివరికి సంచిలో చేరింది గ్లాసెడు, పలుచని టమోటా చారు రంగులో. రెండు చెంబుల సంగతి ఇదీ.

దాన్ని అక్కకు ఎక్కించి, ఆమెను అద్దాల గదిలో పెట్టారు. రోజూ పొద్దున డాక్టరు బయటికి వచ్చి, కొత్త కణాలు ఇంకా పుట్టలేదనేవాడు. పదహారు రోజులు అదే మాట. బావ అన్నం మానేశాడు. నేను మానలేదు కానీ, సగమే తిన్నాను. పదిహేడో రోజు డాక్టరు నవ్వుతూ వచ్చాడు. కణాలు లేచాయి. బావ నా భుజం పట్టుకొని, "నీళ్లు పడినాయప్పా" అని అక్కడే కూలబడ్డాడు.

మొన్న ఇదంతా అక్కకు చదివి వినిపించాను. చెనిక్కాయలు వలుస్తూ వింది. బోరు దగ్గర నవ్వింది. నర్సు దగ్గర ఇంకా నవ్వింది. గుంతకల్లు దగ్గర మాత్రం చేతులు ఆపింది. చివరిదాకా విని, ఆ ముక్క మళ్లీ చదవమంది. చదివాను.

"నీ అంతకు నువ్వే వస్తివా?"

"రాలేదా మరి?"

"నాలుగు దినాలు కాదురా, తొమ్మిది దినాలు. జనాల్లోకి పోవద్దని డాక్టరు చెప్పినా, మూతికి గుడ్డ కట్టుకోని, మీ బావ చేయి పట్టుకోని, రెండు బస్సులెక్కి నేనొస్తి. నన్ను చూసి నువ్వు మరుగుదొడ్లో దూరి గొళ్లెం పెట్టుకుంటివి."

"కొంచేపే కదక్కా."

"గంట. తలుపుకాడ కూర్చోని ఏమంటి నేను? భయమైతే ఇయ్యొద్దులేరా, తిట్టను, బయటికి రా, ఈళ్లింట్లో అందరికీ అవసరముంటాది అంటి. అప్పుడొస్తివి, ఏడ్సుకుంటా. ప్లాట్‌ఫారం మొగం కూడా నువ్వు చూడల్యా. అట్ల రాయి."