డాక్టరమ్మ యుద్ధవిమానం

క్లినిక్కు మూశాక పళ్ళ డాక్టరమ్మకు ఒకటే లోకం: బుల్లి బొమ్మ యుద్ధవిమానాల ముక్కలు అతకడం, రంగులు వేయడం. గోరంత పైలట్‌కు మీసం దిద్దేటప్పుడు ఊపిరి కూడా బిగబడుతుంది. తడి రంగు మీద దుమ్ము పడుతుందని ఫ్యాను ఆపేస్తుంది. "ఎగరని విమానం కోసం ఇంటిల్లిపాదీ ఉడికిపోతున్నాం," అని అత్తగారు విసనకర్ర విసురుకుంటూ గొణుగుతుంది. కోడలికి వినపడితే కదా!

మూడు నెలలు కష్టపడి చేసిన ఒక విమానాన్ని క్లినిక్కులో అద్దాల పెట్టెలో పెట్టింది. ఒకరోజు దవడ పన్ను నొప్పితో ఒక ముసలాయన వచ్చాడు. వైమానిక దళంలో ముప్పయ్యేళ్ళు మెకానిక్‌గా చేసినవాడు. నోరు తెరిచి పడుకున్నవాడల్లా వేలు చూపిస్తూ "ఆ... ఆ..." అన్నాడు. డాక్టరమ్మ కంగారుగా చెయ్యి తీసేసింది.

"నొప్పి కాదమ్మా. ఆ విమానంలో సీటు ఆకుపచ్చది కాదు, నల్లది. ఎన్నిసార్లు తుడిచానో నాకు తెలీదూ!"

ఆమె ముఖం మాడిపోయింది. పన్ను తీయడానికి వచ్చే వారం రమ్మని పంపేసింది. ఆ వారమంతా కూర్చుని, విమానం అద్దపు మూత ఊడదీసి, పైలట్‌ను పన్ను పీకినట్టు పీకి, సీటుకు నల్లరంగు వేసి మళ్ళీ అతికించింది.

ముసలాయన వచ్చి, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"అరెరే, నేను పనిచేసింది వేరే రకం మీదమ్మా. దీనికి ఆకుపచ్చే ఉంటుంది," అని నవ్వుతూ కుర్చీలో పడుకున్నాడు. "మత్తు సూది ఇస్తారుగా?"

ఇచ్చింది. కాకపోతే, చాలాసేపు ఆలోచించాక ఇచ్చింది.